బడి గంట మోగక ముందు

పొద్దున్నే పిల్లలు సంచీలు తగిలించుకుని బడికి వెళ్ళిపోతారు. "అమ్మయ్య, ఇక నా పని అయింది" అని మనం కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుంటాం. అవునా, కాదా? నేనూ అంతే. హెడ్మాస్టరంటే ఫ్యాను కింద కూర్చుని సంతకాలు పెట్టే మనిషి అనుకునేదాన్ని. 2025 జూన్‌లో మా ఆడపడుచుకి ప్రమోషనొచ్చి హెడ్మిస్ట్రెస్ అయ్యాక గానీ నాకు అసలు సంగతి తెలియలేదు.

మాది ఆత్మకూరు. ఆమెకి వేసింది ఉదయగిరి వైపు ఒక హైస్కూలు. మా ఇంట్లోనే ఉండి బస్సులో వెళ్ళి వస్తుంది. పెన్న మీద సోమశిల డ్యాము మాకు దగ్గరే. కానీ ఉదయగిరి కొండల వైపు వెళ్ళేకొద్దీ అంతా మెట్ట. వానల్లేని ఏడు పనులకోసం ఊరు వదిలిపోయే కుటుంబాలెన్నో. ఆ పిల్లలే ఆమె బడి పిల్లలు.

మన వంటింటి లెక్కే!

మొదటివారం రాత్రి పదింటికి కాగితం, పెన్సిలు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "వదినా, రెండొందల మందికి పప్పు ఎంత పడుతుంది?" అంది. నాకు నవ్వొచ్చింది. పాఠాలు చెప్పే మనిషికి పప్పు లెక్కలేమిటి?

ఉంది మరి. ఆరో తరగతి దాటిన పిల్లలకి మధ్యాహ్న భోజనంలో తలకి 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, ఏడున్నర గ్రాముల నూనె వాడాలి. రెండొందల మందికి లెక్క కట్టండి. బియ్యం 30 కిలోలు, పప్పు 6, కూరగాయలు 15, నూనె కిలోన్నర! పొద్దున హాజరు చూసుకున్నాకే ఎంత వండాలో చెప్పాలి. ఎక్కువైతే పారబోత, తక్కువైతే చివరి వరసలో పిల్లవాడికి పస్తు. వడ్డించేముందు పెద్దవాళ్ళు రుచి చూడాలని 2015 నిబంధనల్లోనే ఉంది. మొదటి ముద్ద ఆమే తింటుంది. "ఇంట్లోకంటే అక్కడే ఉప్పు సరిగ్గా ఉంది వదినా" అని నన్ను ఏడిపిస్తుంది కూడా.

హాజరు పట్టీ చెప్పిన కథ

ఒకరోజు అన్నం తింటూ తింటూ ఆగిపోయింది. "తొమ్మిదో తరగతి ఆడపిల్లలు కొందరు ప్రతినెలా మూడు నాలుగు రోజులు వరసగా రావడంలేదు. చీటీలో జ్వరమని ఉంటోంది. నెలనెలా జ్వరమేమిటి వదినా?" అంది. మనకి చెప్పాలా అమ్మా? ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

మర్నాడు వెళ్ళి చూస్తే మరుగుదొడ్లున్నాయి, వాటికి తాళముంది. మోటారు పాడై నీళ్ళు రావడంలేదని మూసేశారట. ఆడపిల్లలు సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. మోటారు బాగుచేయించడానికి ఆమె ఎన్ని ఫోన్లు చేసిందో నేను విన్నాను. నీళ్ళొచ్చాయి, తాళం తీసేశారు, మూతున్న బకెట్టు పెట్టించింది. తర్వాతి నెల నుంచి ఆ జ్వరం చీటీలు తగ్గాయి.

కానీ ఒక పిల్ల అసలే రావడం మానేసింది. రెండు వారాలు చూసి, కమిటీలోని ఇద్దరు తల్లుల్ని వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. "మేం పనికి బోతే ఎదిగిన పిల్లని ఒంటిగా ఎట్టా వదిలేది మేడమ్? సంబంధం వచ్చింది, చేసేద్దామనుకుంటున్నాం" అందట ఆ తల్లి. మా ఆడపడుచు కోప్పడలేదు. పద్ధెనిమిదేళ్ళు నిండకుండా పెళ్ళిచేస్తే 2006 చట్టం ప్రకారం నేరమని చెప్పింది గానీ, అది చివర్లో చెప్పింది. ముందు ఆ తల్లి భయం విన్నది. పిల్లకి భద్రమైన చోటు దొరికితే పెళ్ళి ఆపుతారా అని అడిగింది. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో ఉండి చదువుకోవచ్చని చెప్పి, ఖాళీ కోసం వారం రోజులు తిరిగింది. సీటు దొరికింది. పిల్ల ఇప్పుడు చదువుకుంటోంది.

మనమేం చెయ్యాలి?

బడి కమిటీ మగవాళ్ళ వ్యవహారం అనుకోకండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళుండాలి. మీటింగుకి పిలిస్తే "వాళ్ళ నాన్న వస్తారులెండి" అనకుండా మీరే వెళ్ళండి. మరుగుదొడ్డిలోకి ఒకసారి తొంగిచూడండి. అన్నం ఒక ముద్ద రుచి చూడండి. చుట్టుపక్కల చిన్నపిల్లకి పెళ్ళి మాటలు జరుగుతుంటే బడిలో చెప్పండి, లేదా 1098కి ఫోన్ చెయ్యండి.

మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1990ల మొదట్లో అక్షరాలు దిద్దుకుంటూనే సారాకి ఎదురు తిరిగారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బందయింది. అంతటి పని చేసిన మనకి బడి తాళం తీయించడం కష్టమా చెప్పండి?

ఇంకొక్క మాట. పనులకోసం వలసపోయిన తల్లిదండ్రులతో ఇంకో పిల్ల వెళ్ళిపోయింది. ఎక్కడుందో తెలియలేదు. "ఆ పేరు కొట్టెయ్యలేదా?" అనడిగాను. "లేదు వదినా. పొద్దున్నే ఆ పేరు కనిపిస్తేనే గదా, ఎవరినైనా మళ్ళీ అడగాలని గుర్తొచ్చేది" అంది.

తెల్లవారి ఆమె క్యారియర్‌లో పెరుగన్నం పెడుతుంటే, నాకూ ఆ పిల్లే గుర్తొచ్చింది.