రాఫిల్ టికెట్టు నేర్పిన పాఠం

మన పండుగ సభల్లో ప్రార్థనా గీతం, పులిహోర ఎంత ముఖ్యమో, చివర్లో తీసే రాఫిల్ కూడా అంతే ముఖ్యం. టికెట్టు చేతిలో నలుపుకుంటూ పిల్లలంతా వేదిక ముందు మూగడం అందరికీ తెలిసిన దృశ్యమే. ఆ చిన్న కాగితం వెనక ఎంత చట్టం ఉందో, కార్యదర్శిగా ఉన్న రోజుల్లో నాకు కాస్త ఆలస్యంగా తెలిసొచ్చింది.

2013 దీపావళి సంగతి. మన వైపు ఒక పల్లె బడికి మరుగుదొడ్లు కట్టించాలనుకున్నాం. నిధుల సేకరణకు లాటరీ నిర్వహించవచ్చని మన నియమావళిలో ఉంది. సర్వసభ్య సమావేశంలో తీర్మానమూ చేశాం. ఇంకేం కావాలి? రెండేసి పౌండ్ల టికెట్లు అచ్చు వేయించాం. ఆఫీసుల్లో, ఇరుగుపొరుగు ఇళ్ళలో అమ్మాం, తెలిసినవాళ్ళ కొట్టులో కౌంటరు మీద కూడా పెట్టాం. మూడువందల పైచిలుకు అమ్ముడుపోయాయి. పన్నెండేళ్ళ మా అబ్బాయి బడి స్నేహితులకు ఇరవై అమ్ముకొస్తే భుజం తట్టాను.

పండుగ పదిరోజులుందనగా కౌన్సిల్ నుంచి ఫోను. అధికారి మర్యాదగానే అడిగాడు, మీ సంఘం రిజిస్టరయిందా అని. ఛారిటీగా అయిందన్నాను. "అది కాదండీ, లాటరీకి" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు చదివాను 2005 నాటి గాంబ్లింగ్ చట్టం. ఇంగ్లండు, వేల్స్, స్కాట్లండులకు వర్తించే ఈ చట్టం 2007 సెప్టెంబరు నుంచి పూర్తిగా అమల్లో ఉంది. సభ జరుగుతుండగా, ఆ హాల్లోనే టికెట్లు అమ్మితే అనుమతి అక్కర్లేదు. పిల్లలూ కొనవచ్చు. వసూలైన డబ్బులోంచి బహుమతులకు 500 పౌండ్లు, ఖర్చులకు 100 పౌండ్లు మించి తీయకూడదు, అంతే. సంఘ సభ్యులకు మాత్రమే అమ్మే లాటరీకి కూడా రిజిస్ట్రేషన్ లేదు. కానీ ముందుగానే బయటివారికి అమ్మాలంటే కౌన్సిల్‌లో నమోదు తప్పనిసరి. అప్పుడు పదహారేళ్ళ లోపువారికి టికెట్టు అమ్మకూడదు. వసూలులో కనీసం 20 శాతం ఆశయానికే చేరాలి. టికెట్టు మీద సంఘం పేరు, ధర, నిర్వాహకుడి పేరు, చిరునామా, డ్రా తేదీ ఉండాలి. మా టికెట్టు మీద వినాయకుడి బొమ్మ, నంబరు తప్ప ఏమీ లేవు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మేము ఇంట తీర్మానం గెలిచాం గానీ రచ్చలో అది చెల్లలేదు. దేశం చట్టం కాదన్నదాన్ని మన నియమావళి అవునంటే లాభం లేదు. లాటరీ రద్దుచేసి డబ్బంతా వాపసు చేశాం. మా అబ్బాయి స్నేహితుల ఇళ్ళకు నాతోపాటు నడిచాడు. దారిలో "తప్పు మనదేనా నాన్నా?" అన్నాడు. నాదేరా అన్నాను. పది టికెట్లు కొన్న ఒక పెద్దాయన మాత్రం డబ్బు పుచ్చుకోకుండా, "విరాళంగా రాసుకో నాయనా" అన్నారు.

మరుసటి ఏడు 40 పౌండ్లు కట్టి నమోదు చేయించుకున్నాం. సర్టిఫికెట్టు పట్టుకుని ధీమాగా వెళితే, ఈసారి అద్దెకు తీసుకున్న హాలు వాళ్ళు అడ్డుచెప్పారు. తమ ఆవరణలో ఏ రకమైన జూదమూ కూడదని అద్దె ఒప్పందంలోనే ఉందట. చట్టం ఒప్పుకుందిగా అని వాదించాను. "చట్టం మీకు అనుమతి ఇచ్చింది, మమ్మల్ని ఒప్పుకోమని ఆజ్ఞాపించలేదు" అన్నాడు మేనేజరు. నిజమే. డ్రా మరోచోట తీశాం. బడి పనీ పూర్తయింది.

నాకు అర్థమైంది ఇది. చట్టం ఒక గీత గీస్తుంది. హాలు యజమాని గానీ మన సంఘం గానీ దాని లోపల ఇంకో చిన్న గీత గీసుకోవచ్చు. చట్టం గీత దాటడానికి మాత్రం ఎవరి నిబంధనా, ఎవరి తీర్మానమూ పనికిరాదు. రెండు గీతలూ చూసుకుని నడవాల్సింది కార్యవర్గమే.

కొత్త కార్యవర్గానికి నా మనవి ఒక్కటే. టికెట్లు అచ్చుకిచ్చే ముందు కౌన్సిల్‌కూ, హాలుకూ చెరొక ఫోను చేయండి. డ్రా అయిన మూడు నెలల్లోపు కౌన్సిల్‌కు లెక్క పంపాలి, దాని మీద ఇద్దరు సభ్యుల సంతకాలు ఉండాలి. ఏటా 20 పౌండ్లతో రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవడం మరవకండి.

ఈ పూట మాత్రం నిశ్చింతగా హాల్లోనే టికెట్టు కొనుక్కోండి. అందరికీ పండుగ శుభాకాంక్షలు!