పేరు, సంఖ్య, సాక్షి

మనిషి సంఖ్యతో లెక్కపెడతాడు, పేరుతో పిలుస్తాడు. లోకవ్యవహారమంతా ఈ రెంటి నడుమ సాగుతున్నది. పేరు నోటికి సులభమే గాని, ఒకే పేరు పదిమందికి ఉండవచ్చును. సంఖ్య ఒక్కరినే చూపుతుంది గాని, జ్ఞాపకంలో నిలువదు. ఒకదానికి ఉన్న గుణం రెండవదానికి లేదు.

విశాఖపట్నానికి ఉత్తరాన, జాతీయ రహదారి మీద ఉన్న ఆనందపురాన్నే తీసికొందాము. పూల వ్యాపారానికి పేరుపడిన ఊరు. అయితే ఆ పేరు గల ఊరు ఇదొక్కటే కాదు. కవరు మీద ఉత్త 'ఆనందపురం' అని వ్రాస్తే ఉత్తరం ఎక్కడికి చేరుతుందో చెప్పలేము. ఇటువంటి చిక్కు తీర్చడానికే 1972 ఆగస్టు 15న మన తపాలాశాఖ ఆరంకెల పిన్ కోడును ప్రవేశపెట్టింది. దానిని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ సంస్కృత కవి కావడం ముచ్చటైన విశేషం. మాట విలువ తెలిసిన కవియే, మాట చాలని చోట సంఖ్యను తోడు తెచ్చాడు.

నేడు క్రిప్టో ధనం విషయంలో వచ్చిన చిక్కు దీనికి సరిగ్గా తలక్రిందులు. అక్కడ సంఖ్య ఉన్నది, పేరే లేదు.

2009లో బిట్‌కాయిన్, 2015లో ఇథీరియం వాడుకలోకి వచ్చాయి. వీటికి బ్యాంకు లేదు, గుమాస్తా లేడు. జమాఖర్చుల చిట్టా వేలకొలది కంప్యూటర్లలో ఒకే తీరుగా నిలిచి ఉంటుంది. దానినే బ్లాక్‌చెయిన్ అంటున్నారు. అందులో ఖాతాదారుకు పేరుండదు. చిరునామా మాత్రం ఉంటుంది. ఇథీరియం చిరునామాలో ముందుగా సున్న, ఎక్స్ అనే రెండు గుర్తులు, వాటి వెనుక మరి నలభై గుర్తులు. పది అంకెలు, ఆరు ఆంగ్లాక్షరాలు తిరుగా మరుగా వచ్చి ఆ నలభై స్థానాలను నింపుతాయి. వాటికి అర్థం లేదు, లయ లేదు. ఏకసంథాగ్రాహికి తప్ప మరొకరికి కంఠస్థం కావు.

బిట్‌కాయిన్ తొలి చిరునామాలను కూర్చినవారు ఈ కష్టాన్ని కొంత గుర్తించారు. సున్నను పోలిన పెద్ద 'ఓ'ను, సున్నను, ఒకదానినొకటి పోలే పెద్ద 'ఐ'ని, చిన్న 'ఎల్'ను వాడకుండా విడిచిపెట్టారు. అయినా కంటి భ్రమ పూర్తిగా తొలగలేదు. మొదటి నాలుగు, చివరి నాలుగు గుర్తులు చూచి, నడుమ ఉన్నవాటిని వదలివేయడం మనుష్య స్వభావం. దొంగలు దీనినే ఆసరా చేసికొన్నారు. మొదలూ చివరా సరిపోయే చిరునామాను సృష్టించి, బాధితుని లెక్కల పట్టికలోకి చొప్పిస్తారు. అతడు దానిని తనకు తెలిసినదే అనుకొని వాడతాడు. 2024 మే నెలలో ఒక వ్యక్తి ఇట్లే సుమారు 6 కోట్ల 80 లక్షల డాలర్ల సొత్తును పరుల చిరునామాకు పంపాడు. ఆ దొంగ తరువాత చాలావరకు తిరిగి ఇచ్చాడు గాని, అది వాని దయయే. ఇప్పించగల అధికారి ఆ చిట్టాలో ఎవరూ లేరు.

ఈ బాధకు విరుగుడుగా 2017 మే 4న 'ఇథీరియం నేమ్ సర్వీస్' ప్రారంభమైంది. నిక్ జాన్సన్ దానికి మూలపురుషుడు. ఎవరైనా ఒక పేరు ఎన్నుకొని, చివర 'డాట్ ఈత్' చేర్చి, ఏడాదికింత అద్దె చెల్లించి, ఆ పేరును తమ చిరునామాతో ముడివేసికోవచ్చును. ధనం పంపేవాడు పేరు వ్రాస్తే చాలు. యంత్రం చిట్టా వెదకి అసలు చిరునామాను తెస్తుంది.

సంఖ్యను పేరుగా మార్చడం మనవారికి కొత్త విద్య కాదు. కటపయాది పద్ధతిలో ప్రతి హల్లుకు ఒక అంకె ఉన్నది. 'మాయామాళవగౌళ'లో 'మ'కు 5, 'య'కు 1. అంకెలను వెనుక నుండి చదివితే 15. అదే ఆ మేళకర్త సంఖ్య. శంకరాభరణానికి ముందు 'ధీర' చేర్చడం కూడా 29 అనే సంఖ్య రావడం కోసమే. ఇక్కడ సంఖ్య పేరులోనే దాగి ఉన్నది. లెక్క తెలిసినవాడు ఎవరినీ అడుగనక్కరలేదు.

డాట్ ఈత్ పేరు అటువంటిది కాదు. పేరులో చిరునామా లేదు. రెంటికీ ముడి మాత్రమే ఉన్నది. ముడి అన్న తరువాత సాక్షి కావాలి. ఆ సాక్షి ఎవరన్నదే అసలు ప్రశ్న.

ఆనందపురం పూల బేరంలో ఈ సంగతి తేటపడుతుంది. బంతిపూల బుట్టకు సొమ్ము చెల్లించేవాడు వర్తకుని బ్యాంకు ఖాతా సంఖ్యనూ, పదకొండు గుర్తుల ఐఎఫ్ఎస్‌సి కోడునూ అడుగడు. 2016లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ తెచ్చిన యూపీఐ వలన ఒక చిన్న పేరో, ఫోను నంబరో చాలును. చెల్లించబోయే ముందు ఖాతాదారు పేరు తెర మీద కనబడుతుంది. ఇక్కడ సాక్షి బ్యాంకు. పొరపాటు జరిగితే ఫిర్యాదు చేయడానికి ఒక గడప ఉన్నది.

పేరు సులభంగా ఉండాలి, మోసానికి లొంగరాదు, ఏ ఒక్క యజమాని చేతిలోనూ ఉండరాదు. ఈ మూడూ ఒకచోట కుదరవని 2001లో జూకో విల్కాక్స్ అభిప్రాయపడ్డాడు. అందరి కళ్ళ ఎదుట ఉండే చిట్టానే సాక్షిగా నిలిపి, మూడింటినీ కూర్చవచ్చునని డాట్ ఈత్ వంటి ఏర్పాట్లు చూపాయి. చిట్టా అబద్ధమాడదు, కాని మందలించదు, దయ చూపదు. అద్దె గడువు దాటి, ఆపైన 90 రోజుల వ్యవధి కూడా గడచిపోతే ఆ పేరును ఇంకొకరు తీసికోవచ్చును. పాత మిత్రుడనుకొని పంపిన సొమ్ము అప్పుడు అపరిచితుని ఇంటికి చేరుతుంది. పేరు బయటపడితే ఖాతాలోని లావాదేవీలన్నీ లోకం చదువవచ్చును.

లిపి వలన మరొక ప్రమాదం. తెలుగు 'ర', కన్నడ 'ర' కంటికి ఇంచుమించు ఒక్కటే; కంప్యూటరుకు రెండు వేర్వేరు అక్షరాలు. రోమన్, రష్యన్ లిపులలోనూ ఇట్టి కవల అక్షరాలున్నవి. కనుక సంఖ్యల భయం తీరిన చోట అక్షరాల భయం మొదలవుతున్నది.

మన దేశంలో క్రిప్టో చట్టబద్ధమైన ద్రవ్యం కాదు. దాని లాభాలపై 2022 ఏప్రిల్ నుండి 30 శాతం పన్ను ఉన్నది. అయినా ఈ పాఠం క్రిప్టో కొనేవారికే పరిమితం కాదు. ఫోనులో పేరు చూచి సొమ్ము పంపే ప్రతి విద్యార్థికీ, ప్రతి గృహస్థుకూ వర్తిస్తుంది. పేరును అక్షరం అక్షరం చదవాలి. మొదటిసారి కొద్ది మొత్తం పంపి, చేరినదని ఎదుటివాని నోట విన్న తరువాతనే తక్కినది పంపాలి. పేరు జ్ఞాపకానికి మేలు చేస్తుంది. నమ్మకాన్ని మాత్రం సాక్షిని చూచియే ఇవ్వాలి.