సైప్రసు పల్లెటిండ్లు: వస్తువొకటి, పేర్లు రెండు

మధ్యధరా సముద్రపు తూర్పుభాగమున నున్న సైప్రసు ద్వీపమున గ్రీకు, తుర్కీ భాషలు మాటలాడు రెండు ప్రధాన జనవర్గములతోపాటు మారొనైటులును ఆర్మీనియనులును చిరకాలముగా నివసించుచున్నారు. ఇట్టి సీమలో ఒక్కొక్క వర్గమునకు ఒక్కొక్క గృహరీతి యుండునని తలచుట సహజము. కాని పల్లెలలోని పాత యిండ్లను పరిశీలించినచో ఆ తలపు నిలువదు.

ఆ యిండ్లకు ఆయువుపట్టు దక్షిణాభిముఖమైన వసారా. గదులకును ముంగిలికిని నడుమ ఒకవైపు తెరచియుండు ఈ తావునందే ఇంటిపనులలో పెక్కు జరిగెడివి. గ్రీకు భాషీయులు దీనిని 'ఇలియకోస్' అందురు. ఇది సూర్యవాచకము నుండి పుట్టిన పదము. తుర్కీ భాషీయులు 'సుందుర్మె' అందురు. పేరులోని సూర్యుడు కేవలము అలంకారము కాడు. ద్వీపము 35వ ఉత్తర అక్షాంశమునకు చేరువ నున్నది. అందుచే ఆయనాంత దినములందు మిట్టమధ్యాహ్నపు సూర్యుడు వేసవిలో క్షితిజమునకు సుమారు 78 డిగ్రీల యెత్తున నిలువగా, శీతకాలమున 31 డిగ్రీలను మించి యంతగా పైకెక్కడు. వేసవి యెండను వసారా కప్పు వెలుపలనే ఆపును. చలికాలపు ఏటవాలు టెండ లోపలి గోడవరకు ప్రాకి దానిని వెచ్చజేయును.

గోడలకు వాడినది మట్టిలో గడ్డి కలిపి త్రొక్కి, అచ్చుపోసి, ఎండబెట్టిన పచ్చి ఇటుక. ఇదియు గ్రీకున 'ప్లిథారి', తుర్కీలో 'కెర్పిచ్'. నేలచెమ్మ ఎగబ్రాకకుండ అడుగున రాతికట్టు వేసి, దానిపై సుమారు అర మీటరు మందమున గోడ లేపుదురు. పగటివేడి అంత మందమును దాటి లోనికి వచ్చునప్పటికి రాత్రి యగును. దొరకెడి దూలముల పొడవు తక్కువగుటచే గది వెడల్పు సుమారు 3 మీటర్లకు మించెడిది కాదు. పెద్దగది కావలసినచో నడుమ రాతికమాను నిలిపి, ఇరుప్రక్కల దూలములను దానిపై మోపెడివారు. ఇట్టి గదికి 'దిఖోరో', అనగా రెండు తావులది, అని పేరు.

నిజమైన భేదము మైదానమునకును కొండకును నడుమ గలదు. మెసవోరియా మైదానమున మట్టిమిద్దెలు. వానయు మంచును అధికమైన త్రోదోస్ కొండలలో రాతిగోడలు, వాలుకప్పులు. కకొపెత్రియా చెంతనున్న సెయింట్ నికొలస్ ప్రాచీన దేవాలయమునకు గుమ్మటముపైన మరియొక వాలుకప్పు కట్టబడినది. ఆ కప్పును బట్టియే దానికి 'తిస్ స్తెగిస్', అనగా 'కప్పుగల' అను విశేషణము ఏర్పడినది. పట్టణములలో మాత్రము ఒట్టోమను కాలపు మేడలు వీథిపైకి చొచ్చుకొనివచ్చిన పైగదులతో వేరుగా కానవచ్చును.

1974లో ద్వీపము విభక్తమై గ్రీకులు దక్షిణమునకును, తుర్కీలు ఉత్తరమునకును తరలగా అనేక గ్రామములు శూన్యమైనవి. రాతి యింటికంటె మట్టి యింటికి ఇది ఘోరతరము. వానలకు ముందు మట్టిపూత మెత్తువారు లేనిచో గోడ కరగిపోవును. నికోసియా నగరమున ఇరుపక్షములవారును కలసి 1979లో ఆరంభించిన నగర ప్రణాళికచే సరిహద్దురేఖ కిరువైపుల నున్న ఖ్రిసాలినియోతిస్సా, అరబ్ అహ్మద్ పేటలలోని పాత యిండ్లు బాగుచేయబడినవి. పల్లెల కంతటి భాగ్యము పట్టలేదు. బాగుచేయబూనినవారును పలుచోట్ల మట్టికి మారుగా సిమెంటు పూయుదురు. అది చెమ్మను వెలికి పోనీయదు. పైపూత బీటవారినట్లు కనబడునాటికే లోని ఇటుక పిండియై యుండును.