డిస్కాల్క్యులియా గల పిల్లలకు ఇంటిలో గణిత బోధన: తెలుగు సంఖ్యాపదాల తోడ్పాటు

వ్యాససంగ్రహం: డిస్కాల్క్యులియా గల పిల్లలకు ఇంటిలో గణితం నేర్పేటప్పుడు తెలుగు సంఖ్యాపదాల నిర్మాణం, ఇంటి వస్తువులు ఏ విధంగా తోడ్పడగలవో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: డిస్కాల్క్యులియా, సంఖ్యాపదాలు, స్థానవిలువ, గృహబోధన, ఎక్కాలు.

1. ఉపోద్ఘాతం

పాఠాన్ని తడబడకుండా చదివే పిల్లవాడు ఏడుకు ఐదు కలపడానికి ఏళ్ల తరబడి వేళ్ల మీదే ఆధారపడితే, పెద్దలు దానిని అశ్రద్ధగా భావించడం పరిపాటి. మందలింపులతో ఆ ఇబ్బంది గణితమంటే భయంగా స్థిరపడుతుంది. వేళ్లు లెక్కపెట్టే ప్రతి పిల్లవాడికీ వైకల్యం ఉన్నట్లు కాదు. నిర్ధారణ నిపుణుల పని. అయితే సాధారణ మానసిక సామర్థ్యంలో లోటు లేకుండా గణిత సామర్థ్యంలో మాత్రమే కనిపించే ఇబ్బందిని లాడిస్లావ్ కోష్చ్ 1974లోనే ప్రత్యేక స్థితిగా వివరించాడు. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాలలో డిస్కాల్క్యులియాను పేర్కొన్నది. కనుక ఇది క్రమశిక్షణకు కాక, బోధనా పద్ధతికి సంబంధించిన విషయం.

2. సంఖ్యాపదాలు - స్థానవిలువ

ఆంగ్లమాధ్యమంలో చదివే తెలుగు పిల్లలకు 'సెవెంటీన్' అనే పదంలో ఏడు ముందు, పది తరువాత వినిపిస్తాయి. రాతలో పదుల అంకె ముందు వస్తుంది. విన్న క్రమంలోనే రాసే పిల్లవాడు 17ను 71గా రాసే అవకాశం ఉన్నది. 'థర్టీన్', 'థర్టీ'ల ధ్వనిసామ్యం మరొక చిక్కు. తెలుగు 'పదిహేడు'లో పది ముందు, ఏడు తరువాత వస్తాయి. మాటల క్రమమే అంకెల క్రమం. హిందీలో 29ని ముప్పైకి ఒకటి తక్కువ అనే అర్థంలో 'ఉన్తీస్' అంటారు. తెలుగులో అది నేరుగా 'ఇరవై తొమ్మిది'.

తెలుగు పదాలన్నీ పారదర్శకమైనవి కావు. 'పన్నెండు', 'పంతొమ్మిది'లలో పది రూపం మారింది. 'ఇరవై'లో రెండు వినిపించదు. 'తొమ్మిది', 'తొంభై' అనేవి వినడానికి దగ్గరగా ఉంటాయి. అందువల్ల 23ని మొదట 'రెండు పదులు, మూడు' అనీ, తరువాత 'ఇరవై మూడు' అనీ, చివరగా 'ట్వంటీ త్రీ' అనీ పలికించడం ప్రయోజనకరం.

3. వస్తువు నుండి అంకెకు

జెరోమ్ బ్రూనర్ 1966లో వివరించిన క్రియాత్మక, ప్రతిమాత్మక, సంకేతాత్మక దశలు ఇంటి బోధనకు కూడా వర్తిస్తాయి. ఉదాహరణకు, 52లో నుండి 38 తీసివేయమంటే కొందరు పిల్లలు 26 అని రాస్తారు. ఇది ఊహించి రాసిన జవాబు కాదు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకె నుండి చిన్న అంకెను తీసివేయడం వల్ల వచ్చినది. చీపురుపుల్లలను పదేసి కట్టలుగా కట్టి ఐదు కట్టలు, రెండు విడిపుల్లలు ఇస్తే, ఎనిమిది పుల్లలు తీయడానికి ఒక కట్ట విప్పక తప్పదని పిల్లవాడే గ్రహిస్తాడు. నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలలో నుండి మూడు కట్టలు, ఎనిమిది పుల్లలు పోగా 14 మిగులుతుంది. తరువాత అదే పనిని గీతలుగా గీయించి, చివరకు అంకెలలో రాయించాలి.

వామనగుంటల ఆటలో ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క చింతగింజ వేయడం, వస్తువుకూ సంఖ్యకూ గల ఏకైక సంబంధాన్ని చేతికి అలవాటు చేస్తుంది.

4. ఎక్కాలు

ఎక్కాలను వల్లె వేయించడం జ్ఞాపకశక్తిపై అధికభారం మోపుతుంది. మధ్యలో ఒక్క మెట్టు మరచినా పిల్లవాడు మళ్లీ మొదటికి రావాలి. రెండు, ఐదు, పది ఎక్కాలను ఆధారంగా తీసుకొని మిగిలినవి నిర్మించడం మేలు. ఐదు ఏడులు 35 అని తెలిస్తే, మరొక ఏడు చేర్చి ఆరు ఏడులు 42 అని చెప్పవచ్చు. గడియారం పెట్టి తొందరపెట్టడం కంటే రోజూ కొద్దిసేపు, నిన్నటి పాఠంతో ప్రారంభించడం ఉచితం.

5. ముగింపు

గృహబోధన నిపుణుల పరీక్షకు గానీ పాఠశాల బాధ్యతకు గానీ ప్రత్యామ్నాయం కాదు. అయితే పిల్లవాడు ఏ తప్పు చేశాడు, ఆ సంఖ్యను ఏ భాషలో విన్నాడు అనే రెండు అంశాలను తల్లిదండ్రులు నమోదు చేస్తే, గణిత భావన అర్థం కాకపోవడాన్నీ, సంఖ్యాపదం తికమకపెట్టడాన్నీ వేరుచేసి చూడవచ్చు. ఈ భేదాన్ని గుర్తించకుండా పిల్లవాడిని 'లెక్కలు రానివాడు' అని నిర్ణయించడం అతనికి అన్యాయం చేయడమే. ద్విభాషా తరగతులలో ఇటువంటి తప్పుల పరిశీలన తెలుగు భాషాశాస్త్ర, విద్యాశాస్త్ర పరిశోధకులు కలిసి చేపట్టదగినది.