డైనోసార్ కాళ్ల కింద గడ్డి

ఎడిటర్‌గారు సూటిగానే అడిగారు. డైనోసార్ బొమ్మలు పోగేసి, వాటి చుట్టూ అడవులూ ఏరులూ చేత్తో కట్టి, గాజు పెట్టెల్లో నిలబెట్టుకునేవాళ్ల సరదా మీద ముఖచిత్ర కథనం కావాలి. గురువారం సాయంత్రానికి పేజీలోకి ఎక్కాలి. కవర్ మీద నోరు తెరిచిన టీ రెక్స్ ఉంటే చాలు, లోపలిది మీ ఇష్టం అన్నారు. ఆ ‘మీ ఇష్టం’ అన్న మాటను కాస్త ఎక్కువగానే వాడేసుకున్నాను. టీ రెక్స్ మీద నాకు మొదటినుంచీ పెద్ద మోజు లేదు. డబ్బుంటే ఎవరికైనా ఇంటికే వచ్చి పడే బొమ్మ అది. దాని పెట్టెలో రానిది మాత్రం ఒకటుంది. అది నిలబడాల్సిన నేల. ఈ సరదాలో అసలు చదువంతా అక్కడే ఉంది.

ఒక చోటును, ఒక కాలాన్ని, ఒక క్షణాన్ని చిన్న కొలతలో కట్టి చూపించే ఇలాంటి దృశ్యాన్ని డయోరమా అంటారు. మనకిది మరీ కొత్త కాదు. బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో నాలుగు రోజుల ముందే పళ్లెంలో మట్టి పోసి ఆవాలో రాగులో చల్లుతారు. మొలకలు లేచాక అదే పచ్చిక. మధ్యలో అద్దం ముక్క పెడితే అదే చెరువు. డైనోసార్లకు అడవి కట్టేవాళ్లు చేసేదీ ఇదే. కాకపోతే కొలువులో ఆవుబొమ్మ ముందు ఏ మొలక ఉందని ఎవరూ అడగరు. ఇక్కడ అడుగుతారు. అందులోనూ గడ్డి కనిపిస్తే వెంటనే అడుగుతారు.

ఎందుకంటే ‘డైనోసార్ల కాలంలో గడ్డి లేదు’ అన్నది చాలాకాలం ఈ విద్యలో మొదటి పాఠం. డైనోసార్లు అంతరించింది 6.6 కోట్ల ఏళ్ల కిందట. ఆ పాఠం చెప్పే రోజులకు దొరికిన వాటిలో అనుమానానికి తావులేని గడ్డి శిలాజాలు ఏవీ సుమారు 5.5 కోట్ల ఏళ్ల కంటే పాతవి కావు. అందుకే మ్యూజియం చిత్రకారులు ఫెర్నులు, సైకస్‌లు, పైన్ జాతి చెట్లతోనే నేలంతా నింపేవారు. దుకాణంలో దొరికే పచ్చ నైలాన్ గడ్డి చాప మీద ట్రైసెరటాప్స్‌ని నిలబెట్టినవాణ్ని చూస్తే తెలిసినవాళ్లు ముసిముసిగా నవ్వుకునేవారు.

ఆ పాఠాన్ని తిరగరాయించింది పేడ. అదీ మన పొరుగు పేడ. ఆదిలాబాద్ సరిహద్దు దాటితే వచ్చే మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో పిస్దూర అనే ఊరుంది. అక్కడి నేలలో రాయిగా మారిన పేడ ముద్దలు దొరుకుతాయి. వాటి మీద సి.ఎ. మాట్లీ అనే భూగర్భ శాస్త్రవేత్త 1939లోనే ఒక వ్యాసం రాశారు. ఆ తర్వాత 2005 నవంబరులో ‘సైన్స్’ పత్రికలో లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థకు చెందిన వందనా ప్రసాద్, స్వీడన్‌లో పనిచేస్తున్న కరోలిన్ స్ట్రోంబెర్గ్, హబీబ్ అలీమొహమ్మదియన్, అశోక్ సాహ్ని కలిసి రాసిన వ్యాసం వచ్చింది. ఈ కథనం కోసం నేను చదివినవాటన్నిటిలోకీ నన్ను కుర్చీలోంచి లేవనివ్వనిది అదే.

వరి కోసినవాళ్లకు తెలుసు, ఆకు అంచు చేతిని ఎలా గీసేస్తుందో. ఆ పదును సిలికాది. మొక్క వేళ్లతో నీటితోపాటు దాన్ని పీల్చుకుంటుంది. అది ఆకు కణాల్లో చేరి గట్టిపడుతుంది. ఆకు కుళ్లిపోయినా, జంతువు పొట్టలో అరిగిపోయినా ఆ రేణువు మాత్రం చెక్కుచెదరదు. పైగా మొక్కల జాతిని బట్టి దాని ఆకారం మారుతుంది. గడ్డిజాతుల్లో డంబెల్ లాంటివి, గుర్రపు జీను లాంటివి కనిపిస్తాయి. వీటిని ఫైటోలిత్‌లు అంటారు. పిస్దూర పేడలోంచి తీసిన రేణువులను సూక్ష్మదర్శిని కింద పెడితే కనీసం ఐదు రకాల గడ్డిజాతులు బయటపడ్డాయి. వాటితోపాటే తాళజాతి చెట్లు, పైన్ జాతి చెట్లు, రెండు బద్దల గింజలుండే మొక్కల రేణువులూ ఉన్నాయి. అంటే ఆ పేడ వేసిన జంతువు ఇదీ అదీ అని చూడకుండా దొరికిందల్లా నమిలింది. అది టైటనోసార్ జాతి పొడవుమెడ డైనోసార్ అయివుంటుందని వాళ్ల అంచనా. అంచనా అనే రాశారు, తేల్చి చెప్పలేదు. నాకది నచ్చింది.

అక్కడితో ఆగలేదు. 2011లో ‘నేచర్ కమ్యూనికేషన్స్’లో వచ్చిన మరో వ్యాసం ఆ కాలపు భారత నేల మీద వరి తెగకు చెందిన గడ్డి కూడా ఉండేదని చూపించింది. వరి అంటే మన సోనామసూరి కాదు, దాని ముత్తాతల వంశం. అయినా సరే, టీ రెక్స్ కోసం కేటాయించిన పేజీల్లో మూడు వంతులు దీనికి ఇవ్వడానికి నాకు ఆ ఒక్క మాట చాలు.

ఇప్పుడు బల్ల దగ్గరికి వద్దాం. మీ దగ్గరున్న బొమ్మ అదే టైటనోసార్ జాతికి చెందిన ఐసిసారస్ అనుకోండి. ఆ పేరులో మొదట ఉన్నది ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పొడి అక్షరాలు. దాని ఎముకలు దొరికిన డొంగర్‌గావ్ కూడా చంద్రపూర్ జిల్లాలోదే. దాని కాళ్ల కింద గడ్డి ధైర్యంగా వేయొచ్చు, కానీ లాన్‌లాగా వేయకూడదు. గడ్డి ఉందని పేడ సాక్ష్యం చెప్పింది గానీ, మైదానాలు మైదానాలుగా పరుచుకుందని చెప్పలేదు. అక్కడో కుదురు, ఇక్కడో కుదురు చాలు. కొలువు పద్ధతిలో మొలకలు పోద్దామంటే రెండు చిక్కులున్నాయి. ఆవమొలక గడ్డిజాతి కాదు. రాగి, వడ్లు గడ్డిజాతే గానీ 1:40 కొలతలో ఐదు సెంటీమీటర్ల నారు రెండు మీటర్ల ఎత్తు గడ్డితో సమానం. అందుకని గోగునార పీచును అరసెంటీమీటరు ముక్కలుగా కత్తిరించి, చిటికెడు చిటికెడు ఫెవికాల్‌లో ముంచి నిలబెట్టడం మేలు. ఆరాక పైన కాస్త పసుపు కలిసిన ఆకుపచ్చ రాయాలి. ఒకే పచ్చ రాశారా, వెంటనే ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది.

మట్టి సంగతి ఇంకా ముఖ్యం. అడుగున థర్మోకోల్, దాని మీద న్యూస్ పేపర్ ముక్కలు, ఆపైన వాల్ పుట్టీ, చివర జల్లించిన మట్టి. ఇంతవరకూ అందరూ చేసేదే. చంద్రపూర్ అనగానే నల్లరేగడి తెచ్చి చల్లాలనిపిస్తుంది. వద్దు. రేగడి దక్కన్ లావా రాయి చితికి తయారైన మట్టి. డైనోసార్ ఎముకలున్న లమేటా అనే రాతి పొరలు ఆ లావా కింద ఉన్నాయి. పిస్దూరకు ఎర్రటి బంకమట్టి రంగే సరి. మరీ సరదా పడితే రెండు మిల్లీమీటర్ల చిన్న ముద్దలు నాలుగైదు చేసి గడ్డి పక్కన పడేయండి. అక్కడి పేడ ముద్దల్లో పెద్దవి పది సెంటీమీటర్ల దాకా ఉంటాయి కాబట్టి కొలత కుదురుతుంది. చూసినవాళ్లు ఏమిటవి అని అడిగితే మీ డయోరమా గెలిచినట్టే.

గడ్డిలో తిరిగేందుకు ఇంకొకరూ ఉన్నారు. 2005 వ్యాసం చివర్లో ఒక సూచన ఉంది. గోండ్వానాథీరియన్లు అనే చిన్న క్షీరదాలకు ఎత్తైన దంతాలుండేవి, అవి గడ్డి మేసినవే కావచ్చని. ఆ జాతి పళ్లు మన వికారాబాద్ దగ్గర నాస్కల్‌లో దొరికాయి. దాని పేరు భారతథీరియం. పళ్లు తప్ప ఏమీ దొరకలేదు కాబట్టి ఒళ్లు మీ ఊహ. ఎలుకంతది చేసి గడ్డి కుదుట్లో సగం దాచేస్తే ఎవరూ తప్పు పట్టలేరు.

చరిత్ర లేకుండా కవర్ స్టోరీ ఏమిటని అడుగుతారు కాబట్టి గబగబా చెప్పేస్తాను. 1854లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ పార్కులో వాటర్‌హౌస్ హాకిన్స్ నిలువెత్తు డైనోసార్ విగ్రహాలు కట్టాడు. ఇగువానొడాన్ బొటనవేలి ముల్లును ముక్కు మీద కొమ్ముగా పెట్టేశాడు. 1950లలో అమెరికాలో మార్క్స్ కంపెనీ ప్లాస్టిక్ డైనోసార్లు పిల్లల చేతుల్లోకి వచ్చాయి. 1974 నుంచి ఇంగ్లండ్‌లో ఇన్‌విక్టా కంపెనీ లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం కోసం ఒకే రంగు బొమ్మలు పోసింది. హాంకాంగ్ చవకరకం వింత జంతువులు కొన్ని డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో రాక్షసులై కూర్చున్నాయి. 1988 నుంచి 2015 దాకా పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మ్యూజియం శాస్త్రవేత్తల సలహాతో సఫారీ కంపెనీ తెచ్చిన 1:40 వరస ఈ సరదాకు కొలతబద్ద అయింది. ఇవాళ జర్మనీ ష్లైష్, ఫ్రాన్స్ పాపో, కలెక్టా లాంటివి పోటీ పడుతున్నాయి. పాపో బొమ్మల చర్మం మీది ముడతలు అద్భుతం, కానీ చాలావాటికి పోలిక సినిమాలోంచి వచ్చింది.

తల ఏదీ?

కోటసారస్ అనే డైనోసార్ మనది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర ఒకేచోట కనీసం పన్నెండు జంతువుల ఎముకలు దొరికాయి. భూగర్భ శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో దానికి పేరు పెట్టారు. పొడవు సుమారు 9 మీటర్లు, అంటే 1:40లో ఇరవై రెండున్నర సెంటీమీటర్లు. ఒళ్లు చాలావరకు దొరికింది గానీ పుర్రె దొరకలేదు. రెండు పళ్లు మిగిలాయి, అంతే. నేను తిరగేసిన కేటలాగుల్లో ఈ బొమ్మ కనిపించలేదు. ఎంసీల్‌తో సొంతంగా చేసుకునేవాళ్లు తలను ఏదైనా చెట్టు కొమ్మల్లోకి దూర్చేస్తే సరి. ఒక్క జాగ్రత్త. ఇది జురాసిక్ కాలపు జంతువు, పిస్దూర పేడ కంటే పది కోట్ల ఏళ్లకు పైగా పాతది. దీని కింద గడ్డి పరకైనా వేయకండి. ఫెర్నులు, నర్సరీల్లో క్రిస్మస్ ట్రీ పేరుతో అమ్మే అరకేరియా కొమ్మలు చాలు.

పాము కాపు కాసిన గూడు

గుజరాత్‌లోని ధోలీ డుంగ్రీలో ప్రకృతే ఒక డయోరమా కట్టి పెట్టింది. డైనోసార్ గూట్లో గుడ్లు, అప్పుడే పుట్టిన పిల్ల, పగిలిన గుడ్డు చుట్టూ చుట్ట చుట్టుకున్న పాము, అన్నీ ఒకే రాతిలో. శాస్త్రవేత్త ధనంజయ్ మొహబే దీన్ని 1987లో డైనోసార్ పిల్లగా వర్ణించారు. అందులో పాము వెన్నుపూసలు కూడా ఉన్నాయని 2001లో మరో శాస్త్రవేత్త జెఫ్రీ విల్సన్ గమనించారు. 2010లో ఆ పాముకు ‘సనాజె ఇండికస్’ అని పేరు పెట్టారు. కట్టాలనుకుంటే 1:10 కొలత బాగుంటుంది. పాము 35 సెంటీమీటర్లు, పిల్ల 5, గుడ్డు ఒకటిన్నర. పాము గుడ్డు మింగుతున్నట్టు మాత్రం చేయొద్దు. దాని దవడ కొండచిలువ దవడలా అంత వెడల్పుగా తెరుచుకోదు. గురి పిల్ల మీదే.

చూడాలంటే

కోటసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. దానికున్న తల మాత్రం తయారు చేసి పెట్టినది. గోదావరి లోయ నుంచే వెళ్లిన బరపాసారస్ అనే డైనోసార్ కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో ఉంది. దాని తలా దొరకలేదు. గుజరాత్‌లో బాలాసినోర్ దగ్గరి రైయోలీలో 2019లో డైనోసార్ మ్యూజియం తెరిచారు. దేనికి వెళ్లినా స్కేలు, కొలతలు రాసుకోవడానికి చిన్న పుస్తకం వెంట తీసుకెళ్లండి.