కలివికోడికి కావలి ఖర్చు ఎవరిది?

కడప జిల్లాలో సిద్ధవటము, బద్వేలు ప్రాంతములకు చేరువగా లంకమల కొండలు ఉన్నవి. ఆ కొండల పాదమున రేగు, తుమ్మ, కలివి పొదలతో నిండిన ముళ్లనేల కలదు. పొదకు పొదకు నడుమ రాళ్లతో కూడిన బోడినేల. దారిన పోవువారికి ఇది వట్టి బీడుగనే తోచును. కాని ప్రపంచములో మరి ఏ ఇతర దేశమునను లేని ఒక పక్షి ఇట్టి నేలనే నమ్ముకొని బ్రతుకుచున్నది. అదియే కలివికోడి. కలివిపొదలలో తిరుగుటచే దానికి ఆ పేరు వచ్చినది.

కలివికోడి జానెడు కంటె కొంచెము పెద్దది. కాళ్లు పొడవు, కన్నులు పెద్దవి. రొమ్ముపై రెండు పట్టెలు అడ్డముగా ఉండును. పగలంతయు పొదల నీడన కదలక కూర్చుండి, చీకటి పడిన తరువాత పురుగులకై తిరుగును. తూర్పు ఇండియా కంపెనీ కొలువులో వైద్యుడుగా ఉండిన జర్డన్ 19వ శతాబ్దపు మధ్యకాలములో దీనిని శాస్త్రలోకమునకు ఎరిగించెను. 1900 తరువాత ఇది ఎవరికిని కనబడలేదు. అంతరించినదనియే పండితులు తలచిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్, స్థానికుల సహాయముతో దీనిని కడప జిల్లాలో మరల కనుగొనెను. వేటాడి బ్రతుకు పల్లెవారు ఈ పక్షిని ఎరిగియే యుండిరి. ఎరుగనిది గ్రంథములు మాత్రమే!

రాత్రులందు తిరుగుచు, మనిషి అలికిడికే దాగు ఇట్టి పక్షి ఎచ్చట ఉన్నదో తెలిసికొనుట ఎట్లు? పరిశోధకులు అనుసరించిన పద్ధతి విద్యార్థులు గమనింపదగినది. పొదల నడుమ నేలను చదును చేసి, సన్నని మట్టిని పట్టీలుగా పరచిరి. తెల్లవారిన పిమ్మట ఆ పట్టీలపై పడిన అడుగుజాడలను పరీక్షించిరి. తీతువు అడుగునకు, కౌజు అడుగునకు, కలివికోడి అడుగునకు గల భేదమును కొలిచి గుర్తించిరి. జంతువు ఎదుటికి రాగానే తనంత తాను చిత్రము తీయు కెమేరాలను అమర్చి ఆ గుర్తింపును సరిచూచిరి. సాయంసంధ్య వేళ దాని కూతను యంత్రముతో వినిపించి బదులు కూతకై చెవియొగ్గిరి. ఇట్లు ఏండ్ల తరబడి శ్రమింపగా ఒక సంగతి తేలినది. పొదలు మరీ చిక్కగా ఉన్నను ఈ పక్షి నిలువదు. మరీ పలుచనైనను నిలువదు.

ఈ ఒక్క సంగతిలో ఖర్చు ప్రశ్న అంతయు ఇమిడియున్నది. నేలచుట్టు కంచె వేసి, ఒక బోర్డు నాటి ఊరకుండిన చాలదు. కట్టెలకై పొదలు నరుకుట మితిమీరిన నేల బోడియగును. మేత, నరుకుడు పూర్తిగ నిలిచిపోయినను పొదలు దట్టమై పక్షికి చోటుండదు. కనుక ఏటేట నేలను చూచుచు, కొలుచుచు, సరిదిద్దుచు ఉండవలెను. అందుకు కావలివారు కావలెను, జీవశాస్త్రజ్ఞులు కావలెను, వారికి నెలనెల జీతములు కావలెను. 1988లో ఇచ్చట శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. అయినను 2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఈ పక్షి తిరుగు పొదలలోనికి వచ్చినప్పుడు దానిని గుర్తించి తెలియజేసినవారు అచ్చట పనిచేయుచుండిన పరిశోధకులే. తరువాత కాలువ దారి మార్చబడినది. నేలపై మనిషి లేకున్న ఆ సంగతి ఎవరికి తెలిసెడిది?

ప్రవేశ రుసుముతో ఈ వ్యయమును రాబట్టవచ్చును గదా అని కొందరందురు. పులిని, ఏనుగును చూచుటకు జనులు రుసుము చెల్లింతురు. రాత్రి చీకటిలో ముళ్లపొదల చాటున తిరుగు పక్షిని చూచుటకు ఎందరు వత్తురు? వచ్చినను వారి అలికిడి పక్షికి చేటు. వీధిదీపమును తలచుకొనుడు. దాని వెలుగున నడచువాని నుండి కాసులు వసూలు చేయజాలము. అట్లని దీపమును ఆర్పము. పురపాలక సంఘము పన్నుల సొమ్ముతో వెలిగించును. అడవి వాననీటిని నేలలోనికి ఇంకించుట, మన్ను కొట్టుకొనిపోకుండ ఆపుట ఇట్టివే. వాని ఫలము దిగువనున్న ఊళ్లన్నియు అనుభవించును, బిల్లు ఎవరికిని రాదు.

బిల్లు రాదన్న మాత్రమున ఖర్చు లేదని కాదు. ప్రభుత్వము చెల్లింపనిచో అది అంచునున్న రైతుపై, గొర్రెలకాపరిపై పడును. నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు ఇందుకు సాక్ష్యము. బట్టమేకపిట్ట కొరకు అచ్చట 614 హెక్టారుల గడ్డినేలను 1988లో అభయారణ్యము చేసిరి. గడ్డి ఏపుగా పెరిగినది. కృష్ణజింకలు విస్తరించి చుట్టుపట్ల పైరులపై పడినవి. పంట పోగొట్టుకొన్న రైతునకు అభయారణ్యమనిన కంటగింపు కాక మరేమగును? అభయారణ్యము వెలుపల సేద్యపు తీరు కూడ మారినది. ఏటికి సాధారణముగ ఒక్క గ్రుడ్డు మాత్రమే పెట్టు బట్టమేకపిట్ట ఈ మార్పులకు తట్టుకొనలేకపోయినది. ఒకప్పుడు అచ్చట కనిపించిన గుంపులు నేడు లేవు. పైరు నష్టమునకు వెంటనే పరిహారమిచ్చుటయు పక్షి సంరక్షణలో భాగమే; ఆ పద్దును దానముగ లెక్కింపరాదు.

బడులకు, ఆసుపత్రులకే ధనము చాలనప్పుడు పిట్టలకేమిటని అడుగుట అన్యాయము కాదు. కాని చాలని బడిని వచ్చే ఏడు కట్టుకొనవచ్చును. పోయిన జాతిని ఏ పద్దు క్రిందను తిరిగి తేలేము.

ధనము తెచ్చు మార్గములు పలు దేశములు వెదకినవి. అమెరికాలో 1937 నాటి చట్టము ప్రకారము వేట తుపాకులు, తూటాలపై వచ్చు పన్ను రాష్ట్రముల వన్యప్రాణి శాఖలకు చేరును. పద్ధతి మంచిదే, కాని వేటగాని సొమ్ము వేటజంతువుల వైపే ఎక్కువ మొగ్గును. మన దేశములో 2016 నాటి పరిహార వనీకరణ నిధి చట్టము ప్రకారము, అటవీభూమిని వేరు పనులకు తీసికొనువారు చెల్లించు సొమ్ములో 90 శాతము రాష్ట్రములకు వచ్చును. అడవి తరిగినకొలది నిండు బొక్కసమిది! దీనినే నమ్ముకొనుట వింత. రాజ్యాంగములోని 48ఎ అధికరణము అడవులను, వన్యప్రాణులను రక్షించు ప్రయత్నము రాజ్యము చేయవలెనని చెప్పుచున్నది. ఆ ప్రయత్నమునకు ఏటేట బడ్జెటులో నిలకడయైన పద్దు ఉండుటయే సరియైన దారి.

కలివికోడి గ్రుడ్డు ఇప్పటికి ఒక్కటే గుర్తింపబడినది. కోలారు బంగారు గనుల ప్రాంతములో సేకరింపబడిన ఆ గ్రుడ్డు స్కాట్లండులోని ఎబర్డీన్ విశ్వవిద్యాలయపు సేకరణలో ఉన్నది, డి.ఎన్.ఎ. పరీక్షతో అది కలివికోడిదేనని 2013లో వెల్లడియైనది. సజీవ పక్షి జాడ మాత్రము పదిహేనేండ్లకు పైగా నిశ్చయముగ దొరకలేదు. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశములో పక్షి పరిశీలకులు దాని కూతను మరల రికార్డు చేసిరి. అవి ఎన్ని మిగిలినవో, ఎచ్చట గూడు కట్టుచున్నవో తేల్చుటకు మట్టిపట్టీలు మరల పరచవలెను; రాత్రులు పొదలలో తిరుగువారికి జీతములు ఈయవలెను.