వ్యాయామం మొదలుపెట్టాక పెరిగే ఆ కిలో

కొత్త సంవత్సరంలో జిమ్‌లో చేరి, నెల తిరక్కుండానే మానేసేవాళ్లు మనందరికీ తెలుసు. బద్ధకమనో, తీరిక లేకనో మానేశారని అనుకుంటాం. కానీ వాళ్లలో కొందరిని వెనక్కి పంపేది వెయింగ్ మిషన్. వారమంతా తెల్లవారుజామున లేచి, ఒళ్లు హూనమయ్యేలా కష్టపడి, నూనె తగ్గించి, స్వీట్లు మానేసి, ఆదివారం పొద్దున మిషనెక్కితే బరువు తగ్గకపోగా కిలో పెరిగి కనిపిస్తుంది. ‘నా ఒంటికి వ్యాయామం పడదు’ అనే తీర్పు అక్కడికక్కడే వచ్చేస్తుంది. ఆ తీర్పు తప్పు.

ముందు ఒక లెక్క వేద్దాం. కిలో కొవ్వులో సుమారు 7,700 కిలోకేలరీల శక్తి ఉంటుంది. వారంలో కిలో కొవ్వు చేరాలంటే, ఒంటికి ఖర్చయింది పోగా రోజుకు 1,100 కిలోకేలరీలు అదనంగా తినాలి. రోజూ తినేదాని మీద ఇంకో రెండు పూటల భోజనమన్నమాట. అంత తింటే తిన్నవాళ్లకు తెలియకుండా ఉండదు. తినలేదంటే పెరిగింది కొవ్వు కాదు. ‘కండ పెరిగిందిలే’ అని కోచ్ సర్దిచెప్పినా అదీ నిజం కాదు. కొత్తగా బరువులెత్తేవాళ్లకు, తిండి చక్కగా అమరినా, నెలకు కిలో కండ పెరగడమే గొప్ప. ఇక మిగిలింది నీరు.

ఆ నీరు ఎందుకు చేరిందన్నదే అసలు విషయం. మనం తినే అన్నం, రొట్టె గ్లూకోజుగా మారి రక్తంలోకి వస్తాయి. అప్పటికప్పుడు అవసరం లేని గ్లూకోజును శరీరం గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. కాలేయంలో 100 గ్రాముల దాకా, కండరాలన్నిటిలో కలిపి 400 గ్రాముల దాకా ఉంటుంది. గ్లైకోజెన్ పొడిగా ఉండదు. ప్రతి గ్రాముతోపాటు సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుకుంటుంది.

కష్టపడిన కండరం ఈ నిల్వను ఏం చేస్తుందో 1966లో స్టాక్‌హోమ్‌కు చెందిన ఇద్దరు వైద్యులు చూపించారు. యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్, ఎరిక్ హుల్ట్‌మన్ తమ మీదే ప్రయోగం చేసుకున్నారు. ఒకే సైకిల్‌కు చెరోపక్క కూర్చుని, ఒక్కొక్కరూ ఒక్క కాలితోనే, ఇక తొక్కలేమనేదాకా తొక్కారు. రెండో కాలికి విశ్రాంతి. ఆ తరవాత మూడు రోజులు పిండిపదార్థాలు ఎక్కువగా తింటూ, సూదితో రెండు తొడల నుంచీ కండర నమూనాలు తీసి చూశారు. తొక్కిన కాలిలో గ్లైకోజెన్ పోగొట్టుకున్నంతా తిరిగి నిండడమే కాదు, విశ్రాంతి తీసుకున్న కాలితో పోలిస్తే దాదాపు రెట్టింపయింది. ఒకే మనిషి, ఒకే తిండి, ఒకే రక్తం. తేడా అంతా పని చేసిన కండరంలోనే.

కొత్తగా వ్యాయామం మొదలుపెట్టిన మీ తొడల్లో, భుజాల్లో జరిగేదీ ఇదే. రేపు మళ్లీ ఇంత పని ఉంటుందేమోనని కండరం నిల్వ పెంచుకుంటుంది. ఒక 200 గ్రాముల గ్లైకోజెన్ అదనంగా చేరిందనుకోండి, దాని వెంట వచ్చే 600 గ్రాముల నీటితో కలిపి 800 గ్రాములు మిషన్ మీద కనబడతాయి. అన్నం పూర్తిగా మానేసేవాళ్లకు మొదటి వారంలోనే రెండు కిలోలు ‘కరిగిపోవడం’ వెనకా ఇదే లెక్క ఉంది, తిరగేసి. వాళ్లకు ముఖ్యంగా పోయింది నిల్వ ఉన్న గ్లైకోజెన్, దాని నీరు. మళ్లీ అన్నం ముట్టగానే అవి తిరిగొస్తాయి.

రెండో కారణం ఒళ్లు నొప్పులు. అలవాటులేని పని చేసిన మర్నాడు కండరాలు పట్టేస్తాయి. 1902లోనే అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త థియొడోర్ హఫ్, ఈ నొప్పి కండరం లోపలి సూక్ష్మమైన చీలికల వల్ల వస్తుందని చెప్పాడు. లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడం వల్ల వస్తుందని ఇప్పటికీ చాలా జిమ్‌లలో చెబుతున్నారు. అది సరికాదు. వ్యాయామం ఆపాక గంట, గంటన్నరలో లాక్టిక్ ఆమ్లం రక్తం నుంచి తొలగిపోతుంది. నొప్పి ముదిరేది ఒకటి నుంచి మూడు రోజుల తరవాత. సాగుతూనే బరువు మోసే కండరానికి దెబ్బ ఎక్కువ. తిరుమల మెట్లెక్కేటప్పుడు ఆయాసం వస్తుంది. కానీ మర్నాడు తొడలు కదలనివ్వకుండా చేసేది దిగిరావడం. గుంజీళ్లు తీసేటప్పుడూ కిందికి వంగే కదలికే ఎక్కువ నొప్పి తెస్తుంది. చిరిగిన పోగులను బాగుచేయడానికి తెల్ల రక్తకణాలూ, వాటితోపాటు ద్రవమూ అక్కడికి చేరతాయి. ఆ లోపలి వాపు బరువులో కనిపిస్తుంది. వారం, పది రోజుల్లో తగ్గిపోతుంది. రెండోసారి అదే పని చేస్తే నొప్పి, వాపు రెండూ బాగా తక్కువే.

మూడోది రక్తం. రోజూ వేగంగా నడిచినా, పరిగెత్తినా కొద్ది రోజుల్లోనే మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ కాస్త ఎక్కువగా పట్టి ఉంచుతాయి. రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా పెరుగుతుంది. మూడు లీటర్ల ప్లాస్మాలో పది శాతమన్నా 300 మిల్లీలీటర్లు. గుండె ఒక్కో స్పందనలో ఎక్కువ రక్తం పంపడానికీ, చెమట పట్టి ఒళ్లు చల్లబడడానికీ ఇది ఉపయోగం. ఆ రోజుల్లో రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ కొంచెం తగ్గినట్టు రావచ్చు. ప్లాస్మా పెరిగి రక్తం పలచబడినందువల్ల కూడా అలా కనిపిస్తుంది.

జిమ్‌లో ఇచ్చే పొడుల్లో క్రియాటిన్ ఉంటే అది కండరాల్లోకి ఇంకొంత నీటిని లాగుతుంది. స్త్రీలకు నెలసరికి ముందు ఒకటి రెండు కిలోలు పెరిగి తగ్గడం మామూలే కాబట్టి, ఈ నెల బరువును పోయిన నెల అవే రోజుల బరువుతో పోల్చుకోవాలి.

ఇక్కడ కొందరు చేసే పని నన్ను భయపెడుతుంది. పెరిగింది నీరేనని విని నీళ్లు తాగడం తగ్గిస్తారు. చెమట కోసం ప్లాస్టిక్ సూట్ వేసుకుని పరిగెత్తుతారు. మన ఎండల్లో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

బరువు అసలు ఎంత తక్కువ చెబుతుందో తెలియాలంటే 2004లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చిన ఒక ఫొటో చూడాలి. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఎత్తును బట్టి బరువును లెక్కగట్టే బీఎంఐ ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మనవాళ్లలో సన్నగా కనిపించే ఒంట్లోనూ కొవ్వు దాగి ఉంటుంది. అందుకే మనకు దర్జీ టేపు నమ్మకమైన సాధనం. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. బరువు చూసుకోవాలంటే పొద్దున కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు, అదే మిషన్ మీద చూసుకుని, వారం సగటును వారం సగటుతో పోల్చండి.

ఆరు వారాలు దాటినా బరువూ, నడుమూ రెండూ పెరుగుతుంటే మాత్రం నీటి మీద నెట్టేయకండి. 70 కిలోల మనిషి అరగంట వేగంగా నడిస్తే ఖర్చయ్యేది దాదాపు 150 కిలోకేలరీలు. పార్కు బయట తినే ఒక్క ప్లేటు టిఫిను దాన్ని మించిపోతుంది. టాంజానియాలో వేటాడి బతికే హడ్జా జనం మీద హెర్మన్ పాంట్‌జర్ బృందం 2012లో ప్రచురించిన అధ్యయనంలో, రోజంతా తిరిగే వాళ్లకూ అమెరికా, యూరప్ నగరవాసులకూ, ఒంటి పరిమాణాన్ని బట్టి చూస్తే, రోజువారీ శక్తి ఖర్చు దాదాపు సమానమని తేలింది. బరువు తగ్గించడంలో పెద్దపాలు కంచానిదే.

కాళ్లు వాచి, ఆయాసంతో రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగితే, ముఖ్యంగా గుండె, మూత్రపిండాల జబ్బులున్నవాళ్లు, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. విపరీతమైన వ్యాయామం తరవాత మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇవేవీ లేనివాళ్లకు ఆ మొదటి కిలో శుభవార్త. మిషన్ మీద కనబడిన ఆ బరువులో కొంత, రక్తంలోంచి కండరంలోకి చేరిన చక్కెరే. ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో చెప్పిన లెక్క ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. బరువు ఒక్క గ్రాము తగ్గకపోయినా, ఒక్కపూట వ్యాయామంతో, ఆ చక్కెరను కండరానికి చేర్చే ఇన్సులిన్ పనితీరు ఒకటి రెండు రోజులపాటు మెరుగ్గా ఉంటుంది. కాబట్టి మొదటి నెల మిషన్ జోలికి వెళ్లకండి, వ్యాయామం మాత్రం మానకండి.